చిక్కపేట సందుల్లో కదమ్ మోకాలు

రోడ్డు ప్రమాదంలో నా కుడి కాలు మోకాలి పైనుంచి తీసేశారు. ఇప్పుడు కదమ్ అనే పెట్టుడు మోకాలు వాడుతున్నాను. మాది మదనపల్లె. బెంగళూరు చిక్కపేటలో చీరల షాపులో పని చేస్తాను, షాపు మూసేదాకా నిలబడే ఉండాలి. పెట్టుడు కాలు అందంగా లేకపోయినా ఫర్వాలేదు, నన్ను పడెయ్యకుండా ఉంటే చాలు.

ఇంతకుముందు వేరే చోట పెట్టించుకున్న మోకాలు ఒకే ఇరుసు మీద తిరిగేది. బరువు కాస్త అటూ ఇటూ అయితే చటుక్కున మడుచుకుపోయేది. ఆ టెన్షన్‌కి లాక్ వేసుకుని, నడుం పైకెత్తి కాలు ఈడ్చేవాణ్ణి. సాయంత్రానికి నడుం పట్టేసేది, ఎడమ మోకాలు సలిపేది. ఎలా నడవాలో అక్కడ ఎవరూ నేర్పలేదు. ఆ కోపం నాకు ఇంకా పోలేదు.

కదమ్ మద్రాసు ఐఐటీలో తయారైన మోకాలు. మన బెంగళూరు జేపీ నగర్‌లోని మొబిలిటీ ఇండియా అనే సంస్థతో కలిసి 2022లో విడుదల చేశారు. ఇందులో నాలుగు కడ్డీల అమరిక ఉంటుంది. మడిచేకొద్దీ, అది తిరిగే కేంద్రం కూడా జరుగుతూ పోతుంది. కాలు చాపి మడమ ఆనించినప్పుడు ఆ కేంద్రం పైకి, వెనక్కి ఉంటుంది కాబట్టి ఒంటి బరువు పడ్డా మోకాలు కదలదు. బరువు వేళ్ల మీదికి రాగానే తేలిగ్గా వంగుతుంది. వంగినప్పుడు కాలు పొడవు కాస్త తగ్గి, పాదం నేలకు తగలకుండా ముందుకొస్తుంది. చిక్కపేట ఫుట్‌పాత్ మీద లేచిపోయిన రాళ్ల మధ్య నడిచేవాళ్లకు ఈ కాస్త ఎత్తు విలువ తెలుస్తుంది. పాత కాలితో నేను తూలింది ఎక్కువగా అక్కడే.

160 డిగ్రీల దాకా మడుచుకుంటుంది. ఆటోలో ముగ్గురం ఇరుక్కున్నా కాలు బయటికి చాపక్కర్లేదు. షాపులో పరుపు మీద కూర్చుని మళ్లీ చీరలు పరుస్తున్నాను. 30 లక్షల సార్లు బరువు మోపి పరీక్షించారట, గట్టిదనం మీద నాకు నమ్మకం ఉంది.

ఇందులో చిప్పులు, మోటార్లు లేవు. అందుకే మెట్లెక్కేటప్పుడు ముందు మంచి కాలు, దిగేటప్పుడు ముందు పెట్టుడు కాలు, ఆ పద్ధతి మారదు.

కొనాలనుకునేవాళ్లకు ఒక మాట. సాకెట్, అంటే మిగిలిన తొడకు తొడిగే గిన్నెలాంటి భాగం, సరిగ్గా అమరకపోతే ఏ మోకాలూ పనికిరాదు. సాయంత్రానికి తొడ కాస్త సన్నబడి సాకెట్ వదులవుతుంది, బ్యాగులో తొడకు తొడిగే సాక్స్ ఒకటి అదనంగా పెట్టుకోండి. చర్మం ఎర్రబడి తగ్గకపోతే పెట్టుడు కాలు విప్పేసి, బిగించినవాళ్లకు వెంటనే చూపించండి.