హైదరాబాదు నుండి విశాఖకు: టికెట్టు మీది సమయం, ఇంటి గడప లెక్క

సింహాద్రి అప్పన్న దర్శనం చేయించమని అమ్మ ఎన్నాళ్ళుగానో అడుగుతుండటంతో, డెబ్బై దాటిన ఆమె మోకాళ్ళ నొప్పులను దృష్టిలో పెట్టుకుని, ఈసారి హైదరాబాదు నుండి విశాఖపట్నానికి విమానంలోనే తీసుకువెళ్ళాను. టికెట్టు మీద ప్రయాణ సమయం గంటా పదిహేను నిమిషాలు. కూకట్‌పల్లిలో ఇంటికి తాళం వేసింది ఉదయం 5.15కు, విశాఖ బీచ్ రోడ్డులో బస ముందు కారు దిగింది 10.45కు.

ఈ రెండు నగరాల మధ్య గగనమార్గంలో దూరం సుమారు 510 కిలోమీటర్లు. రోడ్డున సూర్యాపేట, విజయవాడల మీదుగా వెళితే 620 పైచిలుకు అవుతుంది. రైలు వరంగల్ మీదుగా కిందికి విజయవాడ దాకా దిగి, గోదావరి దాటి మళ్ళీ పైకి పోవాలి కనుక దాదాపు 700. గంటకు 800 కిలోమీటర్ల వేగంతో పోయే విమానానికి 510 కిలోమీటర్లు నలభై నిమిషాల పనే కదా అనిపిస్తుంది గానీ, ఆ వేగం పైకి చేరాక అందుకునేది. టికెట్టు మీది సమయంలో విమానం గేటు వదిలి రన్‌వే చేరడం, ఎక్కడం, దిగడం, తిరిగి నిలబడటం అన్నీ కలిసే ఉంటాయి.

మిగిలిన సమయమంతా నేల మీదే గడిచింది. శంషాబాద్ చేరడానికి గంటకు పైగా, అక్కడ రెండు గంటల నిరీక్షణ, విశాఖలో సామాను వచ్చేసరికి అరగంట. అమ్మకు వీల్‌చైర్ కావాలని టికెట్టు తీసుకునేటప్పుడే చెప్పి ఉంచడం ఎంతో మేలు చేసింది. అప్పన్నకు కొట్టాలని ఆమె చేతిసంచిలో పెట్టుకున్న కొబ్బరికాయను మాత్రం తనిఖీ దగ్గర వదిలేయవలసి వచ్చింది. పీచు తీసి, పసుపు రాసి, గుడ్డలో చుట్టి తెచ్చుకున్న కాయ అది. క్యాబిన్‌లోకి దానిని అనుమతించరని నేను ముందే తెలుసుకుని ఉండవలసింది.

తీరా బస చేరితే, పన్నెండు గంటల వరకు గది ఇవ్వలేమన్నారు. సముద్రం కనిపించే గదికి అదనంగా చెల్లించి కూడా, అమ్మ గంటకు పైగా రిసెప్షన్ సోఫాలో కాళ్ళు చాపుకోలేక కూర్చుంది. పెద్దవారితో వెళ్ళేవారు గది ఇచ్చే సమయాన్ని ఫోనులో రూఢి చేసుకున్నాకే టికెట్టు తీసుకోవాలి.

2023 జనవరి 15న మొదలైన వందే భారత్‌లో లోగడ ఒకసారి నేనొక్కడినే వెళ్ళాను. మధ్యాహ్నం మూడింటికి సికింద్రాబాదులో ఎక్కితే రాత్రి పదకొండున్నరకు విశాఖలో దిగాను. ఇంటి నుండి లెక్కిస్తే పదిన్నర గంటలు. కాగితం మీద విమానం ఏడు రెట్ల వేగంగా కనిపిస్తుంది గానీ గడప నుండి గడపకు చూస్తే రెండు రెట్లే. ఒంటరిగా పనిమీద వెళ్ళేవారికి వందే భారత్ చక్కగా సరిపోతుంది. అమ్మను మాత్రం ఎనిమిదిన్నర గంటలు కుర్చీలో కూర్చోబెట్టలేను.

అందుకే తిరుగు ప్రయాణానికి గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎంచుకున్నాను. 1974 నుండి నడుస్తున్న ఈ బండి సాయంత్రం విశాఖలో బయలుదేరి తెల్లవారేసరికి హైదరాబాదు చేరుస్తుంది. పన్నెండు గంటలకు పైబడిన ప్రయాణమే అయినా, సామర్లకోట దాటకముందే కింది బెర్తులో నడుము వాల్చిన అమ్మను మౌలాలి దగ్గర నేనే లేపవలసి వచ్చింది.