పలాస జీడి బిల్లింగుకి స్ప్రింగ్ బూట్: 'ఓపెన్ ఇన్ వ్యూ' ఆపితేనే పనికొస్తుంది

పలాస జీడిపప్పు మిల్లులకో, విజయనగరం హోల్‌సేల్ దుకాణాలకో జావాలో బిల్లింగ్ అప్లికేషన్ రాయాలంటే స్ప్రింగ్ బూట్ (జావా అప్లికేషన్లకి చట్రం), హైబర్నేట్ (జావా ఆబ్జెక్ట్‌లని డేటాబేస్‌లో దాచి, తిరిగి తెచ్చే లైబ్రరీ), హికారీ పూల్ (డేటాబేస్ కనెక్షన్లని తెరిచి ఉంచి, అడిగినప్పుడు ఇచ్చేది) మంచి జోడీయే. హికారీకి వంక పెట్టక్కర్లేదు. తంటా అంతా స్ప్రింగ్ బూట్ తనంతట తానే ఆన్ చేసి ఇచ్చే 'ఓపెన్ ఇన్ వ్యూ'తోనే. సర్వర్ లేచేటప్పుడు లాగ్‌లో హెచ్చరిక వస్తుంది గానీ, దాన్ని చదివేదెవరు?

ఇది ఆన్‌లో ఉంటే, రిక్వెస్ట్ రాగానే తెరుచుకున్న హైబర్నేట్ సెషన్ (డేటాబేస్‌తో అది మాట్లాడే వ్యవధి) జవాబు తయారయ్యేదాకా మూసుకోదు. మొదటి క్వెరీకి పూల్‌లోంచి తీసుకున్న కనెక్షన్‌ని, ట్రాన్సాక్షన్ కమిట్ అయిపోయినా (మార్పులు డేటాబేస్‌లో ఖాయమైపోయినా), అంతసేపూ వదలదు. లారీ బయల్దేరే ముందు బిల్లు సేవ్ చేసి, ఈ-వే బిల్లు (సరుకు రవాణాకి జీఎస్టీ పత్రం) నంబర్ కోసం బయటి సర్వర్‌ని అడిగారు. జవాబుకి 5 సెకన్లు పట్టిందనుకోండి. హికారీ డిఫాల్ట్‌గా ఇచ్చేది 10 కనెక్షన్లు. సెకనుకి 2 బిల్లులు దాటితే పూల్ ఖాళీ. అలాగే సాగితే క్యూ పెరిగి, తర్వాతివాళ్లు 30 సెకన్లు ఎదురుచూసి 'కనెక్షన్ ఈజ్ నాట్ అవైలబుల్' ఎర్రర్ చూస్తారు. అప్పుడు డేటాబేస్ చూస్తే ఊరికే కూర్చుని ఉంటుంది! పూల్‌ని 50 చేసినా, బయటి సర్వర్ 25 సెకన్లు తీసుకున్న రోజున మళ్లీ అదే గతి.

సెట్టింగ్స్‌లో స్ప్రింగ్.జేపీఏ.ఓపెన్-ఇన్-వ్యూని ఫాల్స్ చేయండి. వెంటనే 'లేజీ ఇనిషియలైజేషన్ ఎక్సెప్షన్'లు మొదలవుతాయి: సెషన్ మూసుకున్నాక, ఇంకా లోడ్ కాని డేటాని తాకితే వచ్చే ఎర్రర్లివి. కంగారు పడి 'ఎనేబుల్ లేజీ లోడ్ నో ట్రాన్స్' (సెషన్ మూసుకున్నా లోడ్ చేయనిచ్చే హైబర్నేట్ సెట్టింగ్) పెట్టకండి, అది ఇంకా అధ్వాన్నం. బిల్లుతోపాటు దాని వరసలు కావాలంటే జాయిన్ ఫెచ్ (రెండింటినీ ఒకే క్వెరీలో తెచ్చేది) రాయండి. పేజీలుగా చూపే జాబితాకి మాత్రం అది వద్దు: హైబర్నేట్ మొత్తం వరసలు మెమరీలోకి లాగి అక్కడ పేజీలు కోస్తుంది. అక్కడ అవసరమైన కాలమ్‌లతో డీటీవో (డేటాని మోసే చిన్న క్లాస్) చాలు.

బిల్లు సేవ్ ఒక ట్రాన్సాక్షన్, ఈ-వే నంబర్ రాయడం ఇంకొకటి. బయటి కాల్ రెండింటి మధ్య, ఏ ట్రాన్సాక్షన్‌లోనూ లేకుండా. ఈ రెండు మెథడ్‌లనీ వేరే క్లాస్‌లో పెట్టాలి. అదే క్లాస్‌లోంచి పిలిస్తే కాల్ ప్రాక్సీ (ట్రాన్సాక్షన్‌ని మొదలుపెట్టి ముగించే స్ప్రింగ్ తొడుగు) గుండా పోదు, 'ట్రాన్సాక్షనల్' అని రాసినా పనిచేయదు.

టెస్టింగ్‌లో హికారీ లీక్ డిటెక్షన్ థ్రెషోల్డ్‌ని 10000 మిల్లీసెకన్లకి పెట్టండి. డిఫాల్ట్‌గా అది 0, అంటే ఆఫ్. కనెక్షన్‌ని అంతకన్నా ఎక్కువసేపు పట్టుకున్న కోడ్ ఏ లైన్‌లో తీసుకుందో లాగ్‌లో స్టాక్ ట్రేస్‌తో (ఏ మెథడ్ దేన్ని పిలిచిందో చూపే జాబితాతో) సహా దొరుకుతుంది.