ఒంగోలు కాలేజీ పిల్లల శనివారం బైబిల్ స్టడీ: ఎలా ఉంది?

1878 జులై 3న గుండ్లకమ్మ నదిలో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్న ప్రాంతం ఇది. తాతల నాటి విశ్వాసం ఇంట్లోనే ఉంది కాబట్టి పాటలు కంఠతా వచ్చినవాళ్లూ, స్నేహితుడి వెంట ఊరికే వచ్చిన హిందూ కుర్రాళ్లూ ఒకే చాప మీద కూర్చుంటారు. నడపడం తేలిక కాదు.

ఎనిమిది మందికి మించనివ్వరు, యాభై నిమిషాల్లో ముగిస్తారు. ఇది బాగుంది. మార్కు సువార్త 2:1-12 (యేసు పక్షవాతం ఉన్నవాణ్ని నడిపించిన కథ) చదివి మూడే ప్రశ్నలు: ఏం జరిగింది, ఏది వింతగా అనిపించింది, ఇందులో నీకోసం ఏముంది? మొదటిదానికి ఎవరైనా జవాబు చెప్పగలరు, కొత్తవాడి నోరు అక్కడే తెరుచుకుంటుంది. పాత అనువాదంలోని 'పక్షవాయువు'ను పక్షవాతం అని ముందే విప్పి చెప్తారు.

చెడేది చివర్లో. వరుసగా అందరిచేతా బయటికి ప్రార్థన చేయిస్తారు. 'రక్షణ పొందినవాళ్లు (అంటే యేసును నమ్మి పాపక్షమాపణ పొందామనేవాళ్లు) చేతులెత్తండి' అనడం మరీ ఘోరం. కొత్తవాళ్లు ఇరుకున పడతారు, పాస్టర్ల పిల్లలు అలవాటుగా చెయ్యెత్తేస్తారు (అసలు సందేహాలు ఎక్కువ వాళ్లకే). ఒక్కరు ప్రార్థించి, ఇష్టమైనవాళ్లను టీ దగ్గర విడిగా పలకరిస్తే చాలు. సెమిస్టర్ పరీక్షల వారాల్లో ఆపేస్తారు, మంచి పనే.

అయిదుకి మూడున్నర.