ఫిజిక్స్ వీడియోలు: ఏళ్ల తరబడి చూశాక నా మాట

గాజువాకలో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ ట్యూషన్ చెబుతాను. పాఠం కోసమూ, నా ఇష్టం కొద్దీ కూడా ఆన్‌లైన్ వీడియోలు చాలా ఏళ్లుగా చూస్తున్నాను. "ఏది చూడమంటారు మాస్టారూ?" అని పిల్లలు అడిగితే తడుముకోకుండా చెప్పే పేరు యేల్ యూనివర్సిటీ ప్రొఫెసర్ రామమూర్తి శంకర్‌ది. 2006లో ఆయన క్లాసులో చెప్పిన పాఠాలను ఉన్నవున్నట్టు రికార్డు చేసి అందరికీ ఉచితంగా పెట్టారు. మొదటి కోర్సులో 24 పాఠాలు. న్యూటన్ సూత్రాలతో మొదలై సాపేక్షత మీదుగా థర్మోడైనమిక్స్ దాకా వెళ్తాయి. ఒక్కోటి గంటకు పైనే. బోర్డు, సుద్దముక్క, అంతే! గ్రాఫిక్స్ ఏమీ లేకపోయినా విసుగు రాదు, ఎందుకంటే ప్రతి ఫార్ములా మన కళ్ల ముందే పుడుతుంది. హోంవర్క్ లెక్కలు, వాటి జవాబులు కూడా దొరుకుతాయి. అసలు విలువ అక్కడే ఉందని నా నమ్మకం. లెక్కలు చేయకుండా పాఠాలు మాత్రమే చూసిన పిల్లలకు అర్థమైనట్టే ఉంటుంది గానీ, పరీక్షలో చెయ్యి కదలదు.

ఈ కోర్సులో ద్రవాల పాఠం అయ్యాక మా పిల్లల్ని ఆర్కే బీచ్‌లోని కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియానికి తీసుకెళ్లాను. సబ్‌మెరైన్‌లో బరువు కోసం నీళ్లు నింపే బ్యాలస్ట్ ట్యాంకులు ఉంటాయి. వాటిలోకి సముద్రపు నీళ్లు వదిలితే అది మునుగుతుంది, కంప్రెస్డ్ ఎయిర్‌తో ఆ నీళ్లను బయటికి నెడితే తేలుతుంది. సబ్‌మెరైన్ పరిమాణం మారదు, బరువే మారుతుంది. ఆర్కిమెడీస్ సూత్రం నోటికి వచ్చిన పిల్లలు కూడా ఈ ముక్క అక్కడే పట్టుకున్నారు. వీడియో చూశాక చేత్తో తాకే వస్తువు ఒకటి దగ్గర్లో ఉంటే అంతకు మించింది లేదు. వైజాగ్‌లో ఉన్నవాళ్లకు ఆ అదృష్టం ఉంది.

డిగ్రీ, ఎమ్మెస్సీ స్థాయికి ఎన్‌పీటీఈఎల్‌లో (ఐఐటీల పాఠాలు ఉచితంగా దొరికే ఆన్‌లైన్ వేదిక) ఐఐటీ మద్రాస్‌లో ప్రొఫెసర్‌గా పనిచేసిన వి. బాలకృష్ణన్ క్లాసికల్ ఫిజిక్స్, క్వాంటమ్ ఫిజిక్స్ పాఠాలు చూడండి. తొందరపడితే లాభం లేదు. ఒక్కో పాఠాన్ని ఆపి, నోట్స్ రాసుకుని, మళ్లీ చూడాల్సిందే. లెక్క వెనక ఉన్న ఆలోచనను అంత శ్రద్ధగా విడమరిచి చెప్పేవాళ్లు అరుదు.

పది నిమిషాల బ్లాక్ హోల్ వీడియోలు ఆసక్తి పుట్టించడానికి బాగుంటాయి, అంతవరకే. బిగ్ బ్యాంగ్ గురించి గడగడా చెప్పే పిల్లాడు వాలుతలం మీద దిమ్మకు బలాలు గీయమంటే ఆగిపోవడం నేను చాలాసార్లు చూశాను. అందుకే కొత్త ఛానల్ కనిపిస్తే నేను మొదట వెతికేది ఒక్కటే: చెప్పేవాళ్లు మన చేత పెన్ను పట్టిస్తున్నారా, లేదా?

వీడియో కాకపోయినా ఫెట్ (PhET) సిమ్యులేషన్లను, అంటే కంప్యూటర్ తెర మీద మనమే చేసి చూసే ప్రయోగాలను, వదలలేను. నోబెల్ గ్రహీత కార్ల్ వీమన్ 2002లో కొలరాడో యూనివర్సిటీలో మొదలుపెట్టిన ప్రాజెక్టు ఇది. అందులో సర్క్యూట్ కిట్ తెరిచి బ్యాటరీకి రెండు బల్బులు వరసగా కలపండి. మొదటి బల్బు కరెంటును "తినేస్తుంది", రెండోదానికి తక్కువ అందుతుంది అని సగం మంది పిల్లలు అనుకుంటారు. వైర్లలో కదిలే ఎలక్ట్రాన్ చుక్కలు బల్బుకు ముందూ వెనకా ఒకే వేగంతో వెళ్లడం చూశాక ఆ అపోహ పోతుంది. ఇక బల్బులు తీసేసి వైరుతో బ్యాటరీని షార్ట్ చేస్తే తెర మీద మంట లేస్తుంది. పిల్లలు ఆ పాఠం మర్చిపోరు.

నాకున్న అసలు బాధ తెలుగు గురించి. తెలుగులో వెతికితే ఎక్కువగా పోటీ పరీక్షల షార్ట్‌కట్లే వస్తాయి. ఒక సూత్రాన్ని మొదటి నుంచి చివరిదాకా నింపాదిగా చెప్పే పాఠాలు చాలా తక్కువ. అందుకే ఇంగ్లిష్ తడబడే పిల్లలతో శంకర్ పాఠాన్ని ఆపి ఆపి చూస్తూ, పక్కన నేను తెలుగులో చెబుతున్నాను. ఇంట్లో పెద్దవాళ్లెవరైనా ఇలా కూర్చోగలిగితే ఈ పాఠాలు తెలుగు మీడియం పిల్లలకూ అందుతాయి.