రిగ్లీ ఫీల్డ్: అమ్మానాన్నలతో ఒక పగటి ఆట

అమ్మానాన్నలు అమెరికా వస్తే మనలో చాలామంది నయాగరా, వాషింగ్టన్, దగ్గర్లో ఉన్న గుడి తిప్పి పంపిస్తాం. నన్నడిగితే, ఎండాకాలంలో వచ్చినవాళ్ళకి షికాగోలో రిగ్లీ ఫీల్డ్ కూడా చూపించాలి. వాళ్ళకి బేస్‌బాల్ తెలియకపోయినా పర్వాలేదు. షికాగో కబ్స్ అనే బేస్‌బాల్ జట్టు సొంత మైదానం, 1914లో మొదలైన స్టేడియం అది. అమెరికాలో పెద్ద బేస్‌బాల్ జట్లన్నీ ఆడే మేజర్ లీగ్‌లో అంతకంటే పాతది బోస్టన్‌లోని ఫెన్‌వే పార్క్ ఒక్కటే. కాకపోతే బయటి ఊరి నుంచి వెళ్ళేవాళ్ళు టికెట్ కొనే ముందే కొన్ని సంగతులు చూసుకోవాలి.

మేం ఉండేది ఇల్లినాయిలోనే, బ్లూమింగ్టన్‌లో. ఇక్కడ సగంమంది షికాగో కబ్స్ వైపు, సగంమంది సెయింట్ లూయిస్ కార్డినల్స్ వైపు. ఆఫీసులో ఆ గొడవ విని విని నాకు ఆట అలవాటైంది. ఈ రెండు జట్ల మధ్య ఆట ఉందంటే టికెట్ల ధరలు పెరిగిపోతాయి. మొదటిసారి వెళ్ళేవాళ్ళు వారం మధ్యలో, పెద్ద పోటీ లేని జట్టుతో ఆట చూసుకుంటే అదే స్టేడియం, అదే సందడి, చాలా తక్కువ ఖర్చు.

కారు మాత్రం వద్దు. చాలా నగరాల్లో స్టేడియం చుట్టూ పెద్ద పార్కింగ్ మైదానాలుంటాయి. ఇక్కడ చుట్టూ ఇళ్ళు. గోడ దాటితే వీధి, వీధి దాటితే మూడంతస్తుల మేడలు, వాటి డాబాల మీద కూడా కుర్చీలు వేసి ఆట చూస్తారు. అందుకే కారు పెట్టే చోటు తక్కువ, ధర ఎక్కువ. మేం పొద్దున్నే ఆమ్‌ట్రాక్ రైలు ఎక్కి యూనియన్ స్టేషన్‌లో దిగాం. అక్కడి నుంచి ఆడమ్స్ వీధి పట్టుకుని తూర్పుగా నేరుగా నడిస్తే ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ వస్తుంది. 1893లో వివేకానందుడు మాట్లాడిన సభ జరిగిన భవనం అదే. దాని ముందున్న రోడ్డుకి స్వామి పేరు పెట్టారు. ఆ బోర్డు కింద నాన్న చాలాసేపు నిలబడ్డారు. మా నాన్న తెనాలిలో హైస్కూల్లో పాఠాలు చెప్పిన మనిషి, ఆ ఉపన్యాసం పిల్లల చేత చదివించేవారు. స్టేడియానికి వెళ్ళే దారిలోనే ఇది కలిసిరావడం నాకు ఎంతో సంతోషం.

రెండడుగులు వెనక్కి వస్తే స్టేట్ వీధి కింద రెడ్ లైన్ అనే మెట్రో రైలు స్టేషన్ ఉంది. హోవర్డ్ వైపు వెళ్ళే రైలు ఎక్కి ఆడిసన్‌లో దిగాలి. స్టేషన్ పేరు గుర్తులేకపోయినా దారి తప్పరు, కబ్స్ అభిమానుల నీలం చొక్కాలన్నీ దిగేది అక్కడే. స్టేషన్ బయటికి రాగానే స్టేడియం కనిపిస్తుంది. ముందు క్లార్క్, ఆడిసన్ వీధులు కలిసే మూలకి వెళ్ళి స్టేడియం పేరున్న ఎర్ర బోర్డు కింద ఫోటో దిగండి. ఆట అయ్యాక ఆ మూల జనంతో కిక్కిరిసిపోతుంది.

ఇక సీట్లు. ఇక్కడే జాగ్రత్తగా ఉండాలి. కింది అంతస్తు వెనక భాగం, అంటే 200 నంబర్లతో మొదలయ్యే సెక్షన్లు, పై అంతస్తు నీడలో ఉంటాయి. పెద్దవాళ్ళకి హాయి. కానీ ఆ పై అంతస్తును మోసేది ఇనుప స్తంభాలు. మీ సీటు స్తంభం వెనక పడిందంటే బంతి విసిరేవాడో, కొట్టేవాడో, ఇద్దరిలో ఒకరు కనపడరు. మరీ వెనక వరసలైతే పైకప్పు అడ్డమొచ్చి, గాల్లోకి లేచిన బంతి ఎటు పోయిందో తెలియదు. అందుకని 200 సెక్షన్లలో స్తంభాలకంటే ముందున్న వరసలే తీసుకోండి. ఏ సీటు నుంచి ఎలా కనిపిస్తుందో జనం తీసిన ఫోటోలు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి, అవి చూశాకే డబ్బు కట్టండి.

ఎండ సంగతి కూడా ఉంది. కబ్స్ ఇప్పటికీ పగటి ఆటలు చాలా ఆడతారు, 1:20కి మొదలుపెట్టి. కబ్స్ ఆటలకి ఈ స్టేడియంలో ఫ్లడ్‌లైట్లు వెలిగిందే 1988 ఆగస్టులో. అంతకుముందు అన్నీ పగటి ఆటలే. మధ్యాహ్నం సూర్యుడు పడమరకి దిగేకొద్దీ మూడో బేస్ వైపు ముందుగా నీడ పడుతుంది, మొదటి బేస్ వైపు ఎండ ముఖాన కొడుతుంది. (బేస్‌లంటే పరుగు తీసేవాడు తాకాల్సిన మూలలు. కొట్టేవాడి వెనక నుంచి చూస్తే మూడోది ఎడమ వైపు, మొదటిది కుడి వైపు.) జులైలో మూడో బేస్ వైపు చూసుకోండి. ఏప్రిల్‌లో అయితే మొత్తం తిరగేయాలి. సరస్సు గాలికి నీడలో కూర్చుంటే వణుకే, అప్పుడు ఎండ ఉన్న సీటే మంచిది. బౌండరీ గోడల వెనకుండే బ్లీచర్స్ కుర్రాళ్ళ చోటు. బీరు, కేకలు, పూర్తి ఎండ. అవతలి జట్టువాడు హోమ్ రన్ కొడితే, అంటే బంతిని గోడ దాటిస్తే, ఆ బంతిని మైదానంలోకి తిరిగి విసిరేస్తారు. స్నేహితులతో అయితే నేనూ అక్కడికే వెళ్తాను, అమ్మతో మాత్రం కాదు.

మా సీట్లు మూడో బేస్ వైపు. కూర్చున్న కాసేపటికి నాన్న మైదానం వదిలేసి స్కోర్‌బోర్డు చూడడం మొదలుపెట్టారు. 1937 నాటి ఆకుపచ్చ బోర్డు అది. అందులో ఇన్నింగ్స్ స్కోర్లకి కరెంటు అంకెలు లేవు. లోపల మనుషులుంటారు. మన ఆటే కాదు, దేశంలో అదే సమయానికి మిగతా ఊళ్ళలో జరుగుతున్న ఆటల స్కోర్లు కూడా ఇన్నింగ్స్ వారీగా రేకు పలకలు చేత్తో మార్చి పెడతారు. "అదిగో చూడమ్మా, ఒక చెయ్యి కనిపించింది" అన్నారు నాన్న. నిజమే, ఒక గడిలో సున్నా వెనక్కి పోయింది, ఒక్క క్షణం నల్లటి ఖాళీ, ఆ ఖాళీలో మోచేయి, తర్వాత 2. ఆ బోర్డు పైన ఎగిరే జెండాలకీ లెక్కుంది. మేజర్ లీగ్‌లోని రెండు భాగాల్లో కబ్స్ ఉండే నేషనల్ లీగ్ జట్లు ఆ రోజున ఏ డివిజన్‌లో ఏ స్థానంలో ఉన్నాయో ఆ వరసలోనే ఎగరేస్తారు. కొత్త వీడియో తెరలు వచ్చినా దీన్ని తీసెయ్యకుండా ఉంచినందుకు వాళ్ళకి దణ్ణం పెట్టాలి.

గోడలకి అల్లుకున్న ఐవీ తీగ కూడా 1937లో నాటిందే. బంతి అందులో ఇరుక్కుపోతే కొట్టినవాడికి రెండు బేస్‌లు ఇస్తారు. ఏప్రిల్‌లో వెళ్తే ఎండుపుల్లలే కనిపిస్తాయి, పచ్చగా చూడాలంటే జూన్ తర్వాత వెళ్ళండి.

తిండి విషయానికొస్తే, శాకాహారులకి వేరుశనక్కాయలు, ప్రెట్జెల్, నాచోస్ తప్ప పెద్దగా చెప్పుకోవడానికేం లేదు. అన్నీ కార్డు మీదే, నోట్లు తీసుకోరు. ఇంటి తిండి తీసుకెళ్ళొచ్చు. అమ్మ కట్టిన పులిహోర గేటు దగ్గర చూసి లోపలికి రానిచ్చారు. సీలు తీయని ప్లాస్టిక్ నీళ్ళ సీసా కూడా పట్టుకెళ్ళొచ్చు. సంచీ సైజు నిబంధన మాత్రం వెళ్ళే ముందు వాళ్ళ సైట్లో చూసుకోండి. టికెట్ ఫోన్‌లోనే ఉంటుంది కాబట్టి ఛార్జింగ్ మరవద్దు.

2023లో పిచ్ క్లాక్, అంటే బంతి విసరడానికి గడువు పెట్టే గడియారం, వచ్చాక ఆటలు త్వరగా ముగుస్తున్నాయి, ఎక్కువగా నాలుగు దాటిన కాసేపటికే బయటపడతాం. కబ్స్ గెలిస్తే స్కోర్‌బోర్డు మీద తెల్ల జెండా ఎగురుతుంది, దాని మీద నీలం రంగులో డబ్ల్యూ ఉంటుంది. జెండా చూశాక ఆడిసన్ స్టేషన్ మెట్ల దగ్గర తోసుకోకుండా దక్షిణంగా తర్వాతి స్టేషన్ బెల్మాంట్ దాకా నడవండి. నెమ్మదిగా నడిచే అమ్మకే అది కష్టమనిపించలేదు. దారిలో కాఫీ తాగి, సాయంత్రం రైలుకి యూనియన్ స్టేషన్ చేరేసరికి ఇంకా టైం మిగిలింది.