1499కే ట్రేడ్‌మార్క్ అన్న ఆన్‌లైన్ సర్వీస్: వాడి చూశాక రాస్తున్న రివ్యూ (5కి 1.5)

కంపెనీ పేరు రాయట్లేదు, అడగొద్దు. ఫోన్లో రీల్స్ చూస్తుంటే "మీ బ్రాండ్ మీది కాకుండా పోతుంది జాగ్రత్త" అని భయపెట్టే యాడ్స్ వస్తాయి కదా, బ్రాండ్ పేరుని ప్రభుత్వం దగ్గర మన పేరున రిజిస్టర్ (అదే ట్రేడ్‌మార్క్) చేయిస్తామనే అలాంటి వాటిలో ఒకటి. నేనూ మా తోడికోడలూ కలిసి విజయవాడలో ఇంటి దగ్గరే పొడులూ పచ్చళ్ళూ చేసి అమ్ముతాం, 2016 నుంచి. కందిపొడి, నల్లకారం, కరివేపాకు పొడి, సీజన్లో ఆవకాయ, మాగాయ. పేరు మా అత్తయ్యగారిదే పెట్టాం. 2021లో ఒక కస్టమర్ ఫోన్ చేసి "ఏంటండీ ఈసారి కందిపొడిలో వెల్లుల్లి వేశారు" అంటే, మేం వెయ్యం కదా అని ఫోటో పెట్టమన్నాం, చూస్తే మా పేరే, మా పసుపు ఎరుపు లేబులే, మా పొయ్యి బొమ్మే, కానీ ప్యాకెట్ మాది కాదు. పక్క జిల్లాలో ఎవరో చేస్తున్నారు. ఆ రాత్రే ఆ యాడ్ నొక్కాను.

1499 అనేది వాళ్ళ ఫీజు మాత్రమే, దాని మీద జీఎస్టీ, ప్రభుత్వ ఫీజు వేరే. ఇది తప్పు అనను, చిన్న అక్షరాల్లో రాసే ఉంది. నాకు మండింది తర్వాత తెలిసిన విషయానికి. ట్రేడ్‌మార్క్‌కి ఆన్‌లైన్లో ఫైల్ చేస్తే మామూలుగా ఒక్కో క్లాసుకి 9,000, అదే వ్యక్తి పేరు మీదైతేనో, స్టార్టప్ అయితేనో, ఉద్యమ్ (చిన్న వ్యాపారాలకి ప్రభుత్వం ఇచ్చే రిజిస్ట్రేషన్) సర్టిఫికెట్ ఉన్న చిన్న సంస్థ అయితేనో 4,500. మాది పార్ట్‌నర్‌షిప్. ఉద్యమ్ ఉందా అని మా పని చూసిన ఆ కంపెనీ అబ్బాయి ఒక్క మాట అడగలేదు, అడిగితే ఆ రోజే చేయించుకునేవాళ్ళం, దానికి పైసా ఫీజు లేదు. 9,000 కట్టించేశాడు.

క్లాస్ అంటే ఏంటో తెలియనివాళ్ళకి: మొత్తం 45 క్లాసులు ఉంటాయి, 34 దాకా సరుకులు, మిగతావి సర్వీసులు. మసాలాలు, పొడులు 30లోకి వస్తాయి, పచ్చళ్ళు 29లోకి. ఆ కంపెనీ అబ్బాయి "ఫుడ్ అంతా 30 మేడమ్" అని ఒక్క 30లో వేశాడు. అంటే ఆవకాయ మీద మా పేరుకి కాగితం లేదన్నమాట! ఉద్యమ్ చూపించి ఉంటే అదే 9,000తో రెండు క్లాసులూ అయిపోయేవి.

అన్నిటికంటే పెద్ద తప్పు వేరే ఉంది, అసలు ఈ రివ్యూ రాస్తున్నదే దానికోసం. ఫారంలో ఈ పేరు ఎప్పటినుంచి వాడుతున్నారు అని ఒక గడి ఉంటుంది. ఫలానా తేదీ నుంచి అని వేస్తే దానికి అఫిడవిట్, పాత బిల్లులు జత చెయ్యాలి. అది వాళ్ళకి పని. అందుకని ఎవరొచ్చినా "ఇకముందు వాడబోతున్నాం" అని టిక్ కొట్టేస్తారట. మేం ఐదేళ్ళుగా అమ్ముతున్నాం, కాగితం మీదేమో ఇంకా మొదలే పెట్టనట్టు. సరే తప్పు పడింది దిద్దించండి అంటే ఆ గడి దిద్దడానికి కుదరదు, 2017 ట్రేడ్‌మార్క్ రూల్స్‌లోనే ఉంది, సరుకుల లిస్టులోంచి ఏదైనా తీసెయ్యొచ్చు గానీ వాడుక తేదీ మార్చుకోవడం కుదరదు. మళ్ళీ కొత్తగా ఫైల్ చెయ్యడమే దారి.

అసలు మా అప్లికేషన్ ఏమైందో కూడా వాళ్ళు చెప్పలేదు. మావారు ఒకరోజు ఊరికే ప్రభుత్వ ట్రేడ్‌మార్క్ వెబ్‌సైట్‌లో అప్లికేషన్ నంబర్ కొట్టి చూస్తే "అబ్జెక్టెడ్" అని ఉంది. నేను రిజెక్ట్ అయిపోయిందని ఏడ్చినంత పనిచేశా. కాదు, చాలావాటికి ఇది వస్తుందట, అభ్యంతరాలేంటో రాసి ఎగ్జామినేషన్ రిపోర్ట్ పంపుతారు, అందిన నెలలోపు జవాబివ్వాలి. రిపోర్ట్ ఎవరికి వెళ్ళింది? ఏజెంట్ ఈమెయిల్‌కి. ఫోన్ చేస్తే "అవును మేడమ్ వచ్చి మూడు వారాలైంది, రిప్లైకి 3,500, హియరింగ్ పడితే ఇంకో 4,000" అన్నాడు, ఏదో హోటల్లో ఎక్స్‌ట్రా పెరుగు చెప్పినట్టు. కట్టాం, ఏం చేస్తాం. వాళ్ళు వేసిన జవాబు కాపీ తెప్పించుకుని చదివితే మూడో పేరాలో "మా క్లయింట్ తయారుచేసే ఔషధాలు" అని ఉంది. మా కందిపొడి ఔషధమే అనుకోండి, వేడన్నంలో నెయ్యేసుకుంటే :)

పేరు ఖాళీగా ఉందని సెర్చ్ రిపోర్ట్ కూడా ఇచ్చారు మొదట్లో, "హండ్రెడ్ పర్సెంట్ అవైలబుల్" అని. వాళ్ళు చూసింది మేం రాసే స్పెల్లింగ్ ఒక్కటే. మన పేర్లు ఇంగ్లీషులో నాలుగు రకాలుగా రాస్తాం కదా, రెండు ఈలు పెట్టేవాళ్ళు పెడతారు, టీ పక్కన హెచ్ పెట్టేవాళ్ళు పెడతారు. ప్రభుత్వ సైట్‌లో ఫొనెటిక్ సెర్చ్ అని ఉంది, పలికే తీరుని బట్టి వెతుకుతుంది, ఉచితం. అందులో కొడితే అదే క్లాసులో రెండు పేర్లు బయటపడ్డాయి, అబ్జెక్షన్ వచ్చింది కూడా వాటి మీదే. డబ్బులు కట్టేముందు మీరే పది నిమిషాలు కూర్చుని చూసుకోండి.

మధ్యలో ఇంకో కామెడీ. అదే కంపెనీ నుంచి వేరే అమ్మాయి ఫోన్ చేసి నల్లకారం రెసిపీకి పేటెంట్ తీసుకోండి, ఆఫర్ నడుస్తోంది అంది. మన పేటెంట్ చట్టంలో సెక్షన్ 3లోనే ఉంది, సంప్రదాయంగా వస్తున్న జ్ఞానానికి పేటెంట్ ఇవ్వరు, నాలుగు దినుసులు ఊరికే కలిపినదానికీ ఇవ్వరు. పసుపు గాయాలు మానుస్తుందని అమెరికాలో పేటెంట్ తీసుకుంటే మన ప్రభుత్వ శాస్త్ర పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ వాళ్ళు పాత గ్రంథాలు చూపించి 1997లో రద్దు చేయించిన కథ తెలిసిందే. పైగా పేటెంట్‌కి వేస్తే 18 నెలలకి అప్లికేషన్ మొత్తం అచ్చేస్తారు, మా అత్తయ్య వేయించే పాళ్ళు తోడికోడలికి తప్ప నాకే పూర్తిగా చెప్పలేదు, అది తీసుకెళ్ళి జర్నల్‌లో వేయించాలా?

ఇక్కడితో వాళ్ళకి దణ్ణం పెట్టి, మా ఊళ్ళోనే ట్రేడ్‌మార్క్ కేసులు చూసే ఒక లాయర్‌గారి దగ్గరికి వెళ్ళాం. ఆవిడ ఫీజు ఆ యాడ్ ఫీజుకి ఆరేడు రెట్లు, దాచను. కానీ కూర్చోగానే అడిగిన మొదటి మాట "మీ మొట్టమొదటి బిల్లు ఏది?" అని. లేబుళ్ళు అచ్చేయించిన వన్‌టౌన్ ప్రెస్ బిల్లు, ఎగ్జిబిషన్‌లో స్టాల్ రసీదు, కొరియర్ కాగితాలు, ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత సంస్థ) రిజిస్ట్రేషన్, ఏ సంవత్సరానివి ఆ సంవత్సరం కావాలంది. ప్రెస్ బిల్లు కోసం ఇల్లంతా వెతికితే ఖాళీ జాడీల అట్టపెట్టె అడుగున దొరికింది, సగం నూనె మరక, తేదీ మాత్రం కనపడుతోంది. ఆ మరకతోనే స్కాన్ చేసి పెట్టింది.

ఎందుకంత పట్టు అంటే తిరునల్వేలి ఇరుట్టుకడై హల్వా కేసు చెప్పింది. సుప్రీంకోర్టు 2015లో తేల్చింది ఏంటంటే రిజిస్ట్రేషన్ ఉన్నవాడికంటే ముందునుంచి వాడుతున్నవాడి హక్కే గట్టిది అని. అంటే పక్క జిల్లా ఆయన రేపు మాకంటే ముందు సర్టిఫికెట్ తెచ్చుకున్నా మా 2016 బిల్లు నిలబడుతుంది, అదే మేం "ఇకముందు వాడబోతున్నాం" అని వేసిన ఆ మొదటి అప్లికేషన్ అలాగే ఉంటే మా కాగితమే మా మీద సాక్ష్యం. 1499కి నేను కొనుక్కున్నది అదీ.

ఉద్యమ్ తీసుకుని 2022లో 29, 30 రెండింట్లో కొత్తగా వేశాం, పాతది వెనక్కి తీసుకున్నాం. ఆంధ్రా, తెలంగాణ వాళ్ళవి చెన్నై ఆఫీసు కిందకి వస్తాయి, హియరింగ్ వీడియోలోనే అయింది, వెళ్ళాల్సిన పని లేదు. తర్వాత ట్రేడ్‌మార్క్ జర్నల్‌లో (అప్లికేషన్లు అందరికీ తెలిసేలా అచ్చేసే ప్రభుత్వ పత్రిక) పడింది, అది వారం వారం వస్తుంది, పడ్డాక నాలుగు నెలలు ఎవరైనా అభ్యంతరం చెప్పొచ్చు. చెబితే మనం రెండు నెలల్లోపు జవాబు వెయ్యాలి, వెయ్యకపోతే అప్లికేషన్ వదిలేసుకున్నట్టే. మాకెవరూ చెప్పలేదు. మొత్తం ఇరవై నెలలకి సర్టిఫికెట్ వచ్చింది, అప్లికేషన్ వేసిన తేదీ నుంచి పదేళ్ళు. సర్టిఫికెట్ వచ్చేదాకా లేబుల్ మీద టీఎం అని వేసుకోవచ్చు గానీ గుండ్రంలో ఆర్ (రిజిస్టర్ అయిందన్న గుర్తు) వెయ్యకూడదు, మా ప్రెస్ ఆయన "అందరూ వేస్తున్నారమ్మా" అని వేసేయబోయాడు.

సర్టిఫికెట్ వస్తే పోలీసులు వెళ్ళి వాడి సరుకు ఎత్తుకొచ్చేస్తారు అనుకున్నా నేను. నేరం కింద కేసు ఉంది, ఆరు నెలల నుంచి మూడేళ్ళ జైలు దాకా రాసి ఉంది, కానీ సోదా చెయ్యాలంటే డీఎస్పీ స్థాయికి తగ్గని ఆఫీసర్ కావాలి, ఆయన కూడా ముందు ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రార్ అభిప్రాయం తెప్పించుకోవాలి. అదయ్యేలోపు ఆవకాయ సీజనే అయిపోతుంది. సివిల్ కేసైతే మన ఊరి జిల్లా కోర్టులోనే వేసుకోవచ్చు, వాడి ఊరికి తిరగక్కర్లేదు, ఆ ఒక్కటీ మంచి విషయం. కానీ లాయర్ ఖర్చు విన్నాక మా తోడికోడలు "అక్కా, ఆ డబ్బుతో రెండో గ్రైండర్ వస్తుంది" అంది.

అందుకని పక్క జిల్లా ఆయనకి లాయర్ నోటీసు పంపడంతో ఆగాం. ఆయన జవాబు ఏమిచ్చాడో తెలుసా, "మా అమ్మమ్మ పేరు కూడా అదే" అని! సొంత పేరు నిజాయితీగా వాడుకుంటే ఆపలేమని చట్టంలో సెక్షన్ 35 ఉందట, అమ్మమ్మ పేరు దాని కిందకి రావాలంటే ఆవిడ ముందు ఆ వ్యాపారం చేసి ఉండాలి అంది లాయర్‌గారు. పేరులో ఒక మాట కలిసినంత మాత్రాన కేసు గెలిచేసినట్టు కాదు అని కూడా ఆవిడే చెప్పింది. కర్ణాటక పాల సమాఖ్య వాళ్ళ నందిని, బెంగుళూరులో మనవాళ్ళంతా భోజనానికి వెళ్ళే నందిని డీలక్స్, ఈ రెండూ ఎన్నో ఏళ్ళు కొట్లాడుకుంటే 2018లో సుప్రీంకోర్టు సరుకులు వేరు, బొమ్మలు వేరు, పాల పదార్థాల జోలికి పోకుండా హోటల్ వాళ్ళు ఉంచుకోవచ్చు అంది. మా కేసులో సరుకు ఒకటే కాబట్టి మాది కాస్త గట్టిది, లేబుల్ అయితే మక్కీకి మక్కీ. రెండో నోటీసుకి ఆయన దిగొచ్చి పొయ్యి బొమ్మ తీసేశాడు, రంగు మార్చాడు, పేరు ముందు వాళ్ళ ఇంటిపేరు తగిలించాడు. మేం కూడా అంతటితో సంతకం పెట్టేశాం. గెలిచామా అంటే సగం.

రేటింగ్ 1.5 ఎందుకంటే, ఒకటి ఇవ్వక తప్పదు, అర ఏమో రీఫండ్ అడిగితే 1499లో 700 వెనక్కి ఇచ్చినందుకు. మీది నిజంగానే ఇంకా మొదలుపెట్టని వ్యాపారం, ఒక్క క్లాసు, ఎవరూ పెట్టని పేరు అయితే ఇలాంటి సర్వీసు సరిపోవచ్చు. ఫైల్ చేసేముందు ఫారం డ్రాఫ్ట్ పంపమనండి, వాడుక తేదీ గడి చూడండి, మీ ఈమెయిల్ కూడా అందులో ఉందో లేదో చూడండి. అప్లికేషన్ పడ్డాక మీ అడ్రస్ అందరికీ కనపడుతుంది, గవర్నమెంట్ ముద్రలా ఏదో వేసి ఇంత కట్టండి అని ఉత్తరాలొస్తాయి, మాకు రెండొచ్చాయి, ఒక్కదానికీ కట్టలేదు.

మొన్న ఆ పక్క జిల్లా టౌన్‌లో పెళ్ళికెళ్ళి కిరాణా కొట్లో మా కందిపొడి ఉందా అని పేరు చెప్పి అడిగితే, కొట్టాయన తల కూడా ఎత్తకుండా "పసుపుపచ్చదా, ఆకుపచ్చదా?" అన్నాడు.