అక్క పెళ్ళి వీడియో గీతలు లేకుండా: పాత డెస్క్‌టాప్ మీద లిబ్రెఎలెక్

లిబ్రెఎలెక్ అంటే కంప్యూటర్‌ని టీవీకి తగిలించి వీడియోలు చూసే డబ్బాగా మార్చే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్. దాని గురించి చెప్పేవాళ్ళు ఎక్కువగా సినిమాల లైబ్రరీ, పోస్టర్లు, సబ్‌టైటిల్స్ గురించి చెప్తారు. అవన్నీ బాగానే ఉన్నాయి. నాకు మాత్రం ఇది నచ్చింది ఒకే ఒక్క పనికి, పాత ఇంటర్లేస్డ్ వీడియోని, అంటే బొమ్మని రెండు సగాలుగా తీసే వీడియోని, ఇది చూపించే తీరుకి. కాబట్టి నేను రాసేది ఎక్కువగా దాని గురించే.

యంత్రం ఆఫీసులో తీసేసిన డెస్క్‌టాప్. 2011 నాటి రెండో తరం ఐ3, 4 జీబీ ర్యామ్. పాత హార్డ్ డిస్క్ తీసేసి చిన్న ఎస్‌ఎస్‌డీ పెట్టాను, వీడియోలు వేరే డిస్కులో ఉన్నాయి. ఇన్‌స్టాల్ చెయ్యడం గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. ఇమేజ్‌ని పెన్‌డ్రైవ్‌లోకి రాసి, దాంతో బూట్ చేసి, ఏ డిస్కులోకి ఎక్కించాలో చూపిస్తే టీ తాగేలోపు అయిపోతుంది. కాకపోతే ఎంచుకున్న డిస్కుని మొత్తం తుడిచేస్తుంది, విండోస్‌ని ఉండనివ్వదు. ఫోటోలున్న డిస్కు ఏదైనా ఉంటే దాని కేబుల్ ముందే పీకి ఉంచండి. 64 బిట్ ప్రాసెసర్ తప్పనిసరి. పాత 32 బిట్ పెంటియమ్‌ల మీద ఎక్కదు.

ఇక అసలు విషయం. మా అక్క పెళ్ళి 2004లో తెనాలిలో అయింది. వీడియో తీసినాయన తర్వాత మూడు డీవీడీలు ఇచ్చాడు. ట్యూబ్ టీవీ ఉన్నన్నాళ్ళూ అవి చక్కగా ఆడాయి. ఎల్‌ఈడీ టీవీ వచ్చాక అదే వీడియోని పెన్‌డ్రైవ్‌లో పెట్టి చూస్తే, ఎవరు కాస్త కదిలినా అంచులు దువ్వెన పళ్ళలా చీలిపోయేవి. తలంబ్రాల దగ్గరైతే చేతులు, బియ్యం, మొహాలు అన్నీ అడ్డగీతలే. డిస్కులు బీరువా మీద ఎండ తగిలేచోట పెట్టి పాడుచేశారని అమ్మ నాన్నని చాలాకాలం అంటూనే ఉంది.

డిస్కుల తప్పేమీ లేదు. మన దగ్గర వాడిన పాల్ అనే టీవీ పద్ధతిలో కెమెరా సెకనుకి 25 నిండు బొమ్మలు తీయదు, 50 సగం బొమ్మలు తీస్తుంది. ఉన్న 576 వరుసల్లో ఒకసారి బేసివి, మరోసారి సరివి. రెండు సగాలకీ మధ్య సెకనులో యాభయ్యో వంతు తేడా ఉంటుంది. ట్యూబ్ టీవీ వాటిని వచ్చినవి వచ్చినట్టు ఒకదాని వెనక ఒకటి గీసేది, కంటికి కలిసిపోయేవి. మా ఎల్‌ఈడీ టీవీలోని యూఎస్‌బీ ప్లేయర్ రెండు సగాల్నీ ఒకేసారి వేసేస్తుంది. ఆ రెంటి మధ్యలో తలంబ్రాలు పోసే చెయ్యి ఇంకాస్త ముందుకి జరిగిపోయి ఉంటుంది, అదే ఆ చీలిక.

లిబ్రెఎలెక్‌లో నడిచే కోడీ అనే వీడియో ప్లేయర్ ఈ సగాల్ని కలిపే పనిని మనసుపెట్టి చేస్తుంది. ఒక్కో సగం బొమ్మలో లేని వరుసల్ని పక్క వరుసలూ ముందూ వెనకా బొమ్మలూ చూసి పూరించి, సెకనుకి 50 నిండు బొమ్మలు తయారుచేస్తుంది. ఇంతకుముందు కంప్యూటర్‌లో ఈ వీడియోని కొత్త ఫార్మాట్‌లోకి మార్పించి చూశాం. అప్పుడు 25కి కుదించేశారు. గీతలు పోయాయి, కదలికలో నునుపూ పోయింది. కోడీలో వీడియోని బట్టి రిఫ్రెష్ రేట్ (టీవీ సెకనుకి ఎన్నిసార్లు బొమ్మ వేస్తుందో ఆ లెక్క) మార్చే సెట్టింగ్ కూడా ఆన్ చెయ్యాలి, మొదట్లో అది ఆఫ్‌లో ఉంటుంది. ఆన్ చేస్తే ఈ వీడియో మొదలవగానే టీవీ 60 హెర్ట్జ్ నుంచి 50కి మారుతుంది. లేకపోతే కెమెరా పందిరంతా తిరిగేటప్పుడు బొమ్మ సన్నగా తడబడుతుంది.

ఈ రెండూ కుదిరాక చూస్తే నాకు నోట మాట రాలేదు. మేనమామ అక్కని బుట్టలో తీసుకొస్తుంటే పక్కన నడిచేవాళ్ళ మొహాలు ఒక్కొక్కటీ తెలుస్తున్నాయి. ఇంకో పీడా కూడా వదిలింది. డీవీడీలో వీడియో ఒక జీబీ మించని ముక్కలుగా ఉంటుంది. టీవీ ముక్క అయిపోగానే ఆగిపోయేది, అదీ సరిగ్గా జీలకర్ర బెల్లం దగ్గర. కోడీ ఆ ఫోల్డర్‌ని డీవీడీలాగే తెరిచి, ఎక్కడా తెగకుండా ఆడిస్తుంది. అమ్మ మొత్తం చూసి, “ఎవరి దగ్గర దొరికిందిరా ఇంత మంచి కాపీ?” అంది.

గీతలన్నీ పోయాయంటే మూడో డిస్కు విషయంలో అది నిజం కాదు. రిసెప్షన్ భాగంలో ఎడిటింగ్ చేసినాయన పువ్వులు, గుండె ఆకారం ఫ్రేముల్లో వీడియోని చిన్నది చేసి పెట్టాడు. అలా చిన్నది చేసినప్పుడే గీతలు బొమ్మలో కలిసిపోయాయి, వాటిని ఏ ప్లేయరూ విడదీయలేదు. నాన్న దాచిన సినిమా వీసీడీలకీ ఒరిగిందేమీ లేదు. 352×288 బొమ్మ పెద్ద టీవీ మీద మసగ్గానే ఉంటుంది.

కరెంటు పోయినా భయం లేదని మొదట్లో అందరికీ చెప్పాను. సిస్టమ్ మొత్తం చదవడానికే తప్ప రాయడానికి వీల్లేని ఒక ఫైల్‌లో ఉంటుంది, మన సెట్టింగులు వేరే భాగంలో ఉంటాయి. అర్ధాంతరంగా ఆగిపోయినా మా సిస్టమ్ ఎప్పుడూ చెడిపోలేదు. ఇబ్బంది వచ్చింది పాత బోర్డుతో. పిడుగుల కాలంలో అమ్మ రాత్రిళ్ళు గోడ స్విచ్ కట్టేయడం మొదలుపెట్టాక, పొద్దున ఆన్ చేస్తే టీవీ మీద నల్లటి తెర, ఎఫ్1 నొక్కమని ఒక వాక్యం. అమ్మానాన్నల దగ్గర ఉన్నది రిమోటే, కీబోర్డ్ కాదు, నేనుండేది హైదరాబాద్‌లో. పట్టుకెళ్ళి చూపిస్తే షాపులో మదర్‌బోర్డ్ పోయింది, కొత్తది తీసుకోమన్నారు. నిజానికి పోయింది బోర్డు మీదుండే సీఆర్2032 బిళ్ళ బ్యాటరీ. ప్లగ్‌లో కరెంటు ఉన్నంతసేపూ బోర్డు ఆ కరెంటుతోనే సెట్టింగులు గుర్తుంచుకుంటుంది, అందుకే అన్నాళ్ళు బయటపడలేదు. లోపాలున్నా ఆగకుండా బూట్ అవ్వమని బయాస్‌లో, అంటే బోర్డు సొంత సెట్టింగుల్లో, పెట్టినా లాభం లేదు, బ్యాటరీ లేనప్పుడు ఆ సెట్టింగూ చెరిగిపోతుంది. టీ ఖర్చంత బ్యాటరీతో పోయేదానికి నాన్న రెండుసార్లు బస్టాండ్ దాకా ఆ డబ్బా మోసుకెళ్ళారు. అది నాకు ఇప్పటికీ కోపమే. పాత యంత్రంలో ఇది ఎక్కించేవాళ్ళు బ్యాటరీ ముందే మార్చేయండి.

ఇంకో లోటు ఇప్పుడిప్పుడే పెరుగుతోంది. అక్క కొడుకు ఫోన్‌లో తీసి పంపే 4కే వీడియోలు దీని మీద నత్తనడకే. అవి హెచ్‌ఈవీసీ అనే కొత్త కుదింపు పద్ధతిలో ఉంటాయి, దాన్ని విప్పే భాగం ఈ తరం ఇంటెల్ చిప్‌లో లేదు, ప్రాసెసర్ ఒక్కటే ఆ బరువు లాగలేదు. మనవడి వీడియోలకి నాన్న మళ్ళీ టీవీ యూఎస్‌బీకే వెళ్తున్నారు. ఓటీటీలు కూడా టీవీలోని యాప్‌లలోనే చూస్తున్నాం. టీవీ రిమోట్‌తో ఈ డెస్క్‌టాప్ నడవదు. యూఎస్‌బీ రిసీవర్‌తో వచ్చే చిన్న రిమోట్ కొనాల్సి వచ్చింది, దాంతో నాన్నకి ఇబ్బందేమీ లేదు.

మా ఇంట్లో డెస్క్‌టాప్ ఊరికే పడి ఉంది, చూడాల్సిన వీడియోలు చాలావరకు పాతవి, రోజూ గంటో రెండు గంటలో వాడకం. ఆ లెక్కలో నాకిది పూర్తిగా సరిపోయింది. రోజంతా ఆన్‌లో ఉంచేవాళ్ళకి కరెంటు బిల్లు చూస్తే నచ్చకపోవచ్చు. సెకండ్ హ్యాండ్‌లో కొని మరీ పెట్టుకోవాలనుకుంటే, ఫోన్ వీడియోలూ చూసే ఇల్లయితే, ఇంటెల్ ఏడో తరం కంటే పాతది తీసుకోకండి.